ఫెలియు పోలిక

పలఫ్రుజెల్
1986 ఫిబ్రవరి

గ్రిసెల్డాకి,

నవ్వనంటే ఒక మాట చెబుతాను. నేను ఇంగ్లీషు క్లాసులో చేరాను. వేసవిలో మేడ మీది రెండు గదులూ అద్దెకు తీసుకునే ఇంగ్లీషువాళ్ళు ఏమడిగినా “యెస్ యెస్” అనేసి తర్వాత తంటాలు పడుతున్నాను. పోయినేడు ఒకాయన దిండు అడిగితే నేను చేపల కూర పట్టుకెళ్ళి ఎదురుగా పెట్టానని ఊరంతా చెప్పుకుని నవ్వింది. అందుకని మంగళవారం మంగళవారం లైబ్రరీ మేడ మీదికి వెళ్ళి, నా సగం వయసున్న మాస్టారి ముందు కూచుంటున్నాను.

ఈ నెల పాఠం మనుషుల మధ్య పోలికలూ, దగ్గరితనమూ. నాకు మతి పోతోందే! ఒక్క “లుక్” అనే మాటకి ఎన్ని తోకలు! లుక్ లైక్ అంటే పోలి ఉండడం. లుక్ అప్ టు అంటే గౌరవంగా చూడడం, నేనేమో మేడ మీదికి చూడడం అని రాశాను. ఇక టేక్ ఆఫ్టర్ అనేది ఇంకోటుంది, అదీ పోలికేనట. తీసుకోవడానికీ, తర్వాతకీ, పోలికకీ ఏమిటి సంబంధం? నువ్వు పిల్లలకి చెప్పేదానివి గదా, నాకూ కాస్త చెప్పు.

ఇంతకీ అసలు సంగతి వేరే. అన్నయ్య పేరు మీద, “ఫెలియు గారి కుటుంబానికి” అని ఇంగ్లండు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కుటుంబం అంటే నేనే గదా, విప్పాను. హేజల్ అనే అమ్మాయి రాసింది. వాళ్ళమ్మ మొన్న శరత్కాలంలో పోయిందట. పోతూ మన ఊరి పేరూ, అన్నయ్య పేరూ చెప్పిందట. ఆయన బతికి ఉంటే చూడాలని ఉందట. మూడు రోజులు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూచున్నాను. చివరికి ఒక వాక్యం అర్థమయ్యాక డిక్షనరీ మూసేసి నీళ్ళు తాగాను. ఆ పిల్ల అన్నయ్య పోలికట, గ్రిసెల్డా. తనే రాసింది.

అన్నయ్య అక్కడ హోటల్లో వంట చేసిన రోజులు లెక్క వేసుకో. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. నీకే మొదట చెబుతున్నాను. ఎందుకో తెలియదు.

రెమేయ్

*

లేయిదా
1986 ఫిబ్రవరి

రెమేయ్‌కి,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగిన వ్యాకరణం ఇదిగో.

మన భాషలో పిల్లవాడు తండ్రిని పోలి ఉంటే “వాడు వాళ్ళ నాన్నకి బయటికొచ్చాడు” అంటాం. దాన్నే ఇంగ్లీషువాళ్ళు టేక్ ఆఫ్టర్ అంటారు. బయటికి రావడానికీ పోలికకీ ఏమిటి సంబంధమని నువ్వు ఎప్పుడైనా అడిగావా? వాళ్ళూ అడగరు. టేక్ ఆఫ్టర్ రక్తసంబంధం ఉన్నవాళ్ళకే వాడతారు. లుక్ లైక్ ఎవరికైనా వాడొచ్చు, దారిన పోయేవాడికి కూడా. కలిసిమెలిసి ఉండడం గెట్ ఆన్. చెడి విడిపోవడం ఫాల్ అవుట్. ఏ గొడవా లేకుండానే మెల్లగా దూరమైపోతే గ్రో అపార్ట్. దీనికి మన భాషలో ఒక్క మాట దొరకలేదు నాకు.

ఆ అమ్మాయి ఏ సంవత్సరంలో పుట్టిందో కనుక్కో.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. బేరి చెట్లకి ఏమవుతుందోనని మా మరిది దిగులు పడుతున్నాడు. నాకు తోట గురించి ఏమీ తెలియదు, మా ఆయన రామోన్ పోయాక అటు వెళ్ళడమే మానేశాను.

గ్రిసెల్డా

*

పలఫ్రుజెల్
1986 మార్చి

గ్రిసెల్డా,

ఇంటికి నిప్పంటుకున్నట్టుంది. మన భాష బళ్ళో నిషేధం గనక రాయడం ఎవరూ నేర్పలేదు, తప్పులు ఎటూ ఉంటాయి, ఇవాళ ఇంకా ఎక్కువుంటాయి.

నిన్న అన్నయ్య బీన్సు ఒలుస్తున్నాడు. ఎదురుగా నిలబడి అడిగేశాను.

“హేజల్ ఎవరు?”

చేతిలో బీన్సు జారి కింద పడ్డాయి. “హేజలా? నీకెలా తెలుసు? బాగుందా?”

“బాగుందో లేదో నన్నడుగుతావా? ఉత్తరం రాసింది. నీకు బయటికొచ్చిన పిల్లట గదా! నీ పోలికట!”

అప్పుడు అన్నయ్య ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. తల వంచుకుని, ఎవరో మెచ్చుకుంటే మొహమాటపడే పిల్లాడిలా నవ్వాడు. “నా పోలికా? అలా రాసిందా?” అని మెల్లగా అడిగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “సిగ్గులేదూ! కన్న పిల్లని పరాయి దేశంలో వదిలేసి వచ్చి, ఇన్నేళ్ళూ నా చేతి కూడు తింటూ నోరు మెదపకుండా కూచున్నావా?” అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు. “దానికి ఇంకా మచ్చలున్నాయా ముక్కు మీద?” అని అడిగాడు. అంతే. నేను తలుపు తీసి చూపించాను. సంచి సర్దుకుని సముద్రపొడ్డున కలేయాలో పడవలు పెట్టుకునే కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఉత్తరం కూడా పట్టుకుపోయాడు. మంచిదయింది, నాకెందుకు? పాఠానికి పనికొస్తుందని ఆ వాక్యం మాత్రం క్లాసు పుస్తకంలో ఎక్కించుకున్నాను.

ఇవాళ పొద్దున్న ఫోకస్సా రొట్టె చేస్తూ ఏడ్చాను. అన్నయ్య మీద కోపంతోనా, కొట్టంలో చలిగా ఉంటుందనా? నాకే తెలియడం లేదు. ఆ పిల్లకి మాత్రం ఈస్టర్‌కి రమ్మని రాశాను. ఆ పిల్ల తప్పేముంది?

నువ్వేమంటావు? ఏదో ఒకటి అను.

రెమేయ్

*

లేయిదా
1986 మార్చి

రెమేయ్‌కి,

ఏదో ఒకటి అనమన్నావు గనక అంటున్నాను. నేను అనేది నీకు నచ్చదు.

ఇరవై ఆరేళ్ళ కింద ఇంగ్లండు వెళ్తూ, అక్టోబరులో వస్తాను, క్రిస్మస్‌కి మన పెళ్ళి అన్నాడు మీ అన్నయ్య. అక్టోబరులో ఒక పోస్టుకార్డు వచ్చింది. దాని మీద సముద్రం బొమ్మ, వెనక “ఆలస్యమవుతుంది, ఓపిక పట్టు” అని ఒక్క ముక్క. కారణం లేదు. నేను ఓపిక పట్టాను. క్రిస్మస్ వెళ్ళింది, కార్నివాల్ వెళ్ళింది. మా అమ్మ రోజూ నా మొహంలోకి చూసేది. నేనొక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కుని చదవడం మొదలుపెట్టింది అప్పుడే, రెమేయ్. అతను రాకపోతే నేనే వెళ్ళాలని. నేను ఇంగ్లీషు ఎందుకు నేర్చుకున్నానో నీకు ఇంతవరకూ చెప్పలేదు. అతను వచ్చేసరికి నేను రామోన్‌కి మాట ఇచ్చేశాను.

రామోన్ మంచివాడు. నేను సుఖంగానే బతికాను. కానీ ఆ శీతాకాలం ఎందుకలా గడిచిందో ఇప్పుడు నీ ఉత్తరం చెప్పింది.

ఆ అమ్మాయి వస్తే మర్యాదగా చూసుకో. ఇకమీదట మీ అన్నయ్య సంగతులు నాకు రాయవద్దు. క్రియల గురించి అడుగు, చెబుతాను.

గ్రిసెల్డా

*

పలఫ్రుజెల్
1986 ఏప్రిల్

గ్రిసెల్డా,

రాయవద్దన్నావు. రాయకుండా ఉండలేను, చదవడం మానేయి కావలిస్తే. మీ ఇద్దరూ దేనికో చెడి విడిపోయారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మా అమ్మ నన్ను అడగనివ్వలేదు.

హేజల్ వచ్చింది. ఎర్ర జుట్టు, పొడుగు మనిషి. ఇరవై ఏడో ముప్పయ్యయిదో, ఎర్ర జుట్టువాళ్ళ వయసు నేను పోల్చలేను. ఇంగ్లీషువాళ్ళని వయసు అడగకూడదని మా మాస్టారు గట్టిగా చెప్పాడు గనక అడగలేదు. మొదట చూడగానే నిరాశపడ్డాను. మన వాళ్ళ ముక్కు కాదు, కళ్ళు కావు. తర్వాత ఏం జరిగిందో విను. రొట్టె కోసి ఇచ్చాను. ఎవరూ చెప్పకుండానే టమాటా సగానికి కోసి రొట్టె మీద రుద్ది, ఆ తొక్కని నోట్లో వేసుకుని నమిలింది! అన్నయ్య తప్ప ఇంకెవరైనా ఆ తొక్క తింటారుటే? నడిస్తే చేతులు వెనక్కి కట్టుకుని, కాస్త పక్కకి ఒరిగి అచ్చు అన్నయ్య నడకే. కాలికి రాయి తగిలితే మన భాషలో తిట్టింది. ఏ తిట్టో రాయను, అన్నయ్య తిట్టే.

అన్నయ్యని పిలిపించక తప్పలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, కొత్త చొక్కా వేసుకుని. ఆ పిల్లే దగ్గరికొచ్చి అతని చొక్కా కాలరు సరిచేసింది.

ఇక ఊరి సంగతి అడగకు. ఈస్టర్ సోమవారం బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానపితలు పిల్లలకి మోనా కేకు ఇస్తారు గదా, అన్నయ్య అంగట్లోకి వెళ్ళి అన్నిటికంటే పెద్ద చాక్లెట్ గుడ్డున్న మోనా కొని, అంత పొడుగు మనిషి చేతిలో పెట్టి, వీధి వెంట నడిపించుకొచ్చాడు! చేపలమ్మే అసుంప్తా అరిచింది, “ఏం ఫెలియూ, ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ ఈ కూతుర్ని? నడక చూస్తే నీ ఇంటిపేరు చెప్పనక్కర్లేదు!” అని. అన్నయ్య టోపీ తీసి వంగాడు. కాదనలేదు. హేజల్‌కి ఏమీ అర్థం కాలేదు, తనూ నవ్వుతూ చెయ్యి ఊపింది.

నాకు ఏమీ తోచడం లేదు. కోపం తెచ్చుకుందామంటే వాళ్ళిద్దరినీ చూస్తే కోపం రాదు. నీ ఉత్తరం గుర్తొస్తే మళ్ళీ వస్తుంది.

క్రియల గురించి అడగమన్నావు గనక ఒకటి అడుగుతాను. హేజల్ ఉత్తరంలో వాక్యం ఇది, “వెన్ ఐ వాజ్ స్మాల్ హి లుక్డ్ ఆఫ్టర్ మీ.” లుక్ లైక్ అంటే పోలిక, టేక్ ఆఫ్టర్ అన్నా పోలిక. ఇందులో దాని తల, దీని తోక ఉన్నాయి గదా, కాబట్టి డబుల్ పోలిక అనుకున్నాను. కానీ “అతను నన్ను పోలి ఉన్నాడు” అని తండ్రి గురించి కూతురు రాయడమేమిటి? వాళ్ళ దేశంలో అలా తిప్పి రాస్తారా? మాస్టార్ని అడగడానికి సిగ్గేసింది, ఇంటి గుట్టు గదా.

రెమేయ్

*

లేయిదా
1986 ఏప్రిల్

రెమేయ్,

కూర్చుని చదువు.

లుక్ ఆఫ్టర్ అంటే పోలిక కాదు. ఆలనా పాలనా చూడడం. “నా చిన్నప్పుడు ఆయన నన్ను చూసుకున్నాడు” అని రాసింది ఆ అమ్మాయి. ఇంకేమీ రాయలేదు. తలా తోకా కలిపితే అర్థం కలవదే పిచ్చిదానా! మొదటి ఉత్తరంలోనే ఆ వాక్యం ఎక్కించి పంపితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. నేనైనా అడగాల్సింది. పిల్లలకి రోజూ “అసలు వాక్యం చూపించండి” అని చెప్పేదాన్ని, నీ దగ్గర మాత్రం పుట్టిన సంవత్సరం అడిగాను.

పొద్దున్నించీ ఈ కాగితం ముందు కూచున్నాను. హాయిగా ఉండాలి గదా నాకు? లేదు. అతను కాదని ఎందుకు అనలేదు? ఇంగ్లీషు అతనికి వచ్చు. ఉత్తరం అతని దగ్గరే ఉంది.

శుక్రవారం బండికి వస్తున్నాను. ఆ అమ్మాయితో ఎవరో ఒకరు సరిగ్గా మాట్లాడాలి. నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు. అసుంప్తాకి అసలే వద్దు.

గ్రిసెల్డా

*

లేయిదా
1986 ఏప్రిల్ చివర

రెమేయ్‌కి,

మీ ఇంట్లో ఉన్న రెండు రోజుల్లో నీతో ఒంటరిగా మాట్లాడే వీలు దొరకలేదు. హేజల్ చెప్పిందంతా నీకు అనువదించాను. వాళ్ళమ్మ ఇంట్లో మీ అన్నయ్య అద్దెకుండేవాడని, ఆ పిల్లకి ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆస్పత్రిలో పెట్టారని, వేరే దిక్కు లేదని, ఆ శీతాకాలమంతా అతనే వండిపెట్టి, జడ వేసి, బడికి తీసుకెళ్ళాడని. ఊరు తనని కూతురనుకుంటోందని నేను చెప్పినప్పుడు ఆ అమ్మాయి పగలబడి నవ్వి, వెంటనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం నువ్వు చూశావు. ఆమె వెనకే నువ్వు వెళ్ళావు. అప్పుడు నేను మీ అన్నయ్యని పెరట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ జరిగింది నీకు తెలియదు.

“కాదని ఎందుకు చెప్పలేదు ఫెలియూ?” అన్నాను.

“రెమేయ్ అరుస్తోంది గదా, మధ్యలో చెప్పడానికి చోటేదీ?”

“తర్వాత?”

“మొదటి రోజు నిజంగానే నమ్మాను. నా పోలిక అని అదే రాసిందనుకున్నాను. పిచ్చి సంతోషమేసింది. కొట్టంలో కళ్ళజోడు పెట్టుకుని చదివితే తెలిసింది.”

“తెలిసి కూడా?”

“అబద్ధం నేను చెప్పలేదు గ్రిసెల్డా. ఊరు చెప్పింది. నేను కాదనలేదంతే. నాకెవరున్నారు? ఇంకొన్నాళ్ళు అననీ అనుకున్నాను.”

నాకు తిట్టాలనిపించింది. “నాకెందుకు రాయలేదు మరి? ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. పిల్లని చూసుకుంటున్నాను అని.”

“రాశాను. నాలుగైదుసార్లు రాసి చించేశాను. పరాయి ఆడమనిషి ఇంట్లో ఉంటూ, ఆమె పిల్లకి జడలేస్తున్నానని రాస్తే నమ్ముతావా? నేనే చదివి నాకే నమ్మబుద్ధి కాలేదు.”

“ఆమెని ఇష్టపడ్డావా?”

“ఆమెతో నేను మాట్లాడిందే తక్కువ. అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళింది. పిల్ల మెట్ల మీద కూచుని ఉంది, చెప్పులు తారుమారుగా వేసుకుని. అంతే.”

రెమేయ్, నీకు నిజం చెబుతాను. ఆ పిల్ల అతని కూతురైతే బాగుండేదనిపించింది నాకా క్షణంలో. అప్పుడు నేను కోప్పడవచ్చు. నన్ను మోసం చేశాడని ఏడవవచ్చు. చెప్పులు తారుమారుగా వేసుకున్న ఐదేళ్ళ పిల్ల మీద ఎలా కోప్పడను? ఇన్నేళ్ళ నా కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక రైల్లో మోకాళ్ళ మీద పెట్టుకుని వచ్చాను.

అన్నయ్యని ఇంట్లోకి రానిచ్చావా?

గ్రిసెల్డా

*

పలఫ్రుజెల్
1986 మే

గ్రిసెల్డా,

రానిచ్చాను. నువ్వు రైలెక్కిన సాయంత్రమే కొట్టానికి వెళ్ళి “పద, కూర చల్లారిపోతుంది” అన్నాను. సంచి తీసుకుని వెంట వచ్చాడు. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. నీకు తెలుసు గదా. రెండు ముక్కలు చేప ఎక్కువ వేశాను.

హేజల్ వెళ్ళిపోయింది. ఆగస్టులో మళ్ళీ వస్తుంది, గది అద్దె తీసుకోనన్నాను. వెళ్ళేముందు అన్నయ్యతో పెద్ద వాదన పెట్టుకుంది. ఊరికి నిజం చెప్పేద్దామని అన్నయ్య, ఎందుకని తను. వచ్చీరాని మాటలతో ఇద్దరూ బల్ల గుద్దారు. చివరికి అన్నయ్యే గెలిచాడు. చేపల అంగడి ముందు టోపీ చేత్తో పట్టుకుని చెప్పాడు, “ఇది నా కూతురు కాదు. చిన్నప్పుడు ఒక చలికాలం నేను పెంచాను, అంతే” అని. పెదవులు తెల్లబడిపోయాయి చెబుతుంటే.

అసుంప్తా కత్తి పక్కన పెట్టి ఇద్దరినీ పైకీ కిందికీ చూసింది. “సరేలే, ఎవరింట్లో లేవు ఇలాంటివి? నువ్వలాగే చెప్పు, మేమలాగే వింటాం” అని కన్ను గీటింది. ఇక ఈ ఊరు నమ్మదే! నిజం చెప్పాక ఇంకా గట్టిగా కూతురనే అనుకుంటోంది. అన్నయ్య అయోమయంగా నాకేసి చూశాడు. నేనేం చెప్పను?

ఇంకో సంగతి. వారం నుంచీ అన్నయ్య లేయిదాకి బండ్లు ఎప్పుడెప్పుడున్నాయో అడుగుతున్నాడు. మే నెలలో మీ దగ్గర నత్తల పండగట గదా, చూడాలని ఉందట. అన్నయ్యకి నత్తలంటే అసహ్యం. పంపనా, ఆపనా? నువ్వు వద్దంటే బండ్లన్నీ రద్దయ్యాయని చెబుతాను.

రెమేయ్

*

లేయిదా
1986 మే చివర

రెమేయ్‌కి,

వద్దని రాయడానికి కాగితం తీశాను. కారణం ఏం రాయాలో తేలేలోపల మీ అన్నయ్య గుమ్మంలో ఉన్నాడు. నువ్వు నా జవాబు కోసం ఆగలేదని అర్థమైంది. దాని సంగతి తర్వాత చెబుతాను నీకు.

పండగకి తీసుకెళ్ళాను. నదిగట్టున ఊరు ఊరంతా రేకు పళ్ళేల మీద నత్తలు కాలుస్తోంది, పొగ, బాండు మేళం, ఒకరి మాట ఒకరికి వినబడదు. బల్ల చివర చోటు దొరికింది. మా స్కూలు టీచర్లు ఇద్దరు అటుగా వచ్చి, “గ్రిసెల్డా, ఈయనెవరు?” అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. చుట్టమా? కాదు. స్నేహితుడా? ఎప్పుడయ్యాడు గనక? “పలఫ్రుజెల్ నుంచి” అన్నాను. ఊరి పేరే బంధుత్వమైనట్టు వాళ్ళు తల ఊపి వెళ్ళిపోయారు.

చాలాసేపు చెట్ల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత నేను అడిగేశాను. ఇరవై ఆరేళ్ళుగా అడగాలనుకున్న ప్రశ్న అది కాదు. ఆ ప్రశ్న ఇప్పుడు పనికిరాదు. ఇది మొన్నే పుట్టింది.

“ఫెలియూ, మళ్ళీ ఆ అక్టోబరే వచ్చిందనుకో. నేను ఇక్కడ ఎదురు చూస్తున్నాను, నీ చేతిలో టిక్కెట్టు ఉంది. ఆ పిల్ల మెట్ల మీద ఉంది. ఏం చేస్తావు?”

మేళం ఆగలేదు. అతను నా చెవి దగ్గరికి వంగి చెప్పాల్సి వచ్చింది. మధురంగా ఏదో చెబుతాడనుకున్నాను. అబద్ధమైనా సరే వినాలని కూడా ఉంది, ఏమనుకుంటే ఏం.

“ఉండిపోతాను” అన్నాడు. “ఉత్తరం మాత్రం చించను.”

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. కానీ ఒకటి చెప్పగలను రెమేయ్. నీ కోసం వచ్చేస్తాను అని గనక అని ఉంటే, ఆ సాయంత్రం బండికే అతన్ని ఎక్కించి పంపేసేదాన్ని.

నత్తల పళ్ళెం అతని వైపు జరిపి, పుల్లతో ఎలా లాగాలో చూపించాను. మొహం చిట్లించుకుని ఒకటి తిన్నాడు. తర్వాత ఇంకోటి తీసుకున్నాడు.

సోమవారం తిరిగి వస్తానని చెప్పాడు గదా నీతో. రాకపోతే కంగారు పడకు.

గ్రిసెల్డా